ఎనభై అయింది, తియ్యి

మా ఇంట్లో ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టడం నా పని, తీయడం ఆయన పని. ఎవరూ కూర్చుని పంచుకున్నది కాదు. కాపురం ముదిరేకొద్దీ పనులు ఎవరి ఒళ్ళో పడాలో వాళ్ళ ఒళ్ళో పడతాయి, ఇదీ అలాగే పడింది. వింత ఏమిటంటే ఆ ఫోన్ నాది. ఆయన దగ్గర చివరిదాకా బొత్తాల చిన్న ఫోనే ఉండేది. చివరిదాకా అని రాశాను చూడండి, అది తప్పు. ఆయన ఉన్నాడు. నేనిది రాస్తున్నప్పుడు పక్కగదిలో మంచం మీద కూర్చుని కిటికీలోంచి వీధిని చూస్తున్నాడు. మాట లేదు, అంతే.

నేను సూరత్‌లో తెలుగు బడి టీచర్ని. మరమగ్గాల మీద బతకడానికి తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల కోసం ఇక్కడ తెలుగు బడులున్నాయంటే మన వైపు చాలామంది నమ్మరు. ఉన్నాయి. ఒకప్పుడు నా తరగతిలో బెంచీలు చాలక పిల్లలు నేలమీద కూర్చునేవాళ్ళు. ఇప్పుడు బెంచీకి ఒక్కరు చొప్పున కూర్చోబెట్టినా ఇంకా బెంచీలు మిగులుతున్నాయి. ఆయన మరమగ్గాల కార్ఖానాలో మాస్టర్. అక్కడ మాస్టరంటే పాఠాలు చెప్పేవాడు కాదు, ఆగిపోయిన మగ్గాన్ని మళ్ళీ నడిపించేవాడు. మరమగ్గాన్ని మా వాళ్ళు సాంచె అంటారు, దాన్నుంచి ఎగిరే నూలు దుమ్మును నూగు అంటారు. "సాంచెల నూగుల పెద్ద ఫోను ఏం బతుకుతది?" అని ఆయన తనకు వద్దన్నాడు. నాకు మాత్రం హాజరు ఫోటోలనీ బడి గ్రూపులనీ పెద్ద ఫోన్ తప్పలేదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది మేమిద్దరం, ఆ ఫోను.

నా మొదటి ఫోన్‌ను నేనే చంపాను. పడుకునేముందు ఛార్జింగ్‌కు పెట్టి, తలకింద పెట్టుకునే మెత్త అడుగున దోపి, పొద్దున లేచాక తీసేదాన్ని. నిండిన ఫోన్‌ను చేతిలోకి తీసుకుంటే నిండిన బిందెను చంకన పెట్టుకున్నంత ధీమాగా ఉండేది నాకు. ఒక వేసవిలో దాని వీపు పూరీలా ఉబ్బి, ఒక పక్క అద్దం పైకి లేచింది. ఆయన దాన్ని గుడ్డలో చుట్టుకుని సలాబత్‌పురా బయల్దేరాడు, వెనకాల నేను. అక్కడ చీరల దుకాణాల మధ్య సందులో నా పాత విద్యార్థి ఒకడికి ఫోన్లు బాగుచేసే షాపుంది. ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు. అయినా నన్ను చూస్తే స్టూల్ మీంచి లేచి నిలబడతాడు.

"టీచర్, దీన్ని ముట్టుకోకుండ్రి, బ్యాటరీ ఫూల్ గయా, ఉబ్బింది," అన్నాడు వాడు, ఫోన్‌ను రెండు వేళ్ళతో అందుకుంటూ. "ఇది లిథియం బ్యాటరీ. దీనికి ఇద్దరే దుశ్మన్లు. ఒకటి నిండ కుక్కుడు, ఇంకోటి మొత్తం ఎండబెట్టుడు. నూరు నింపి గట్లనే గంటలకు గంటలు ఉంచితే లోపల్నుంచి కరాబ్ అయితది. సున్నాకు దించినా గంతే. ఇరవైకి రాకముందే పెట్టుండ్రి, ఎనభై కాంగనే తీసేయుండ్రి. వేడి గిట్ల అసలే పడదు. మెత్త కింద పెడితే దానికి గాలి ఏడికెల్లి వస్తది?"

ఇద్దరే దుశ్మన్లని చెప్పి మూడోవాణ్ణి కూడా తెచ్చాడు. లెక్కల్లో వాడు చిన్నప్పటినుంచీ అంతే.

"మొత్తం దించి మొత్తం ఎక్కియ్యాలె అని మీరే అంటిరి గదరా?" అని దబాయించాను.

"గది పాతకాలం బ్యాటరీల ముచ్చట టీచర్. ఇప్పటి వాటికి కొంచెం కొంచెం తాగుడే మంచిది."

నాకు తప్పు చేసి దొరికిపోయిన విద్యార్థిలా అనిపించి మొహం మాడ్చుకున్నాను. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. "అరె, గిది కండె ముచ్చటే గదా!" అన్నాడు.

కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్ట. దాన్ని కొసదాకా నింపి చుడితే నూలు జారి చిక్కుపడుతుంది. పూర్తిగా అయిపోయేదాకా తిరగనిస్తే బట్టలో పోగులేని గీత పడుతుంది. మంచి పనివాడు కండెను నిండా చుట్టడు, ఇంకొంచెం మిగిలుండగానే మారుస్తాడు. పదహారో ఏటినుంచీ ఆయన చేతులకు తెలిసిన సంగతి అది. ఇన్నేళ్ళ తర్వాత ఫోన్ కూడా అదే సంగతి చెప్పేసరికి, కొత్తగా దొరికిన చుట్టంలా దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు పెద్దలు. నా కొత్త ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టినప్పుడల్లా దాని కవరు ఊడదీసేవాడు. ఎండపడే కిటికీ దగ్గర పెడితే కేకలేసేవాడు. ఆదివారం వస్తే ఫోన్‌ను ఆపి, వైరు దూరే కంతలోంచి పళ్ళపుల్లతో నూగు తీసేవాడు. ఛార్జింగ్ ఎక్కడం లేదని మా వీధిలో మూలన పడేసిన ఫోన్లు కొన్ని ఆ పుల్లతోనే బాగయ్యాయి. మా వాళ్ళ జేబుల్లో మిగతావి ఉన్నా లేకపోయినా నూగు మాత్రం ఉంటుంది.

ఒకసారి చుట్టాలింట్లో నిశ్చితార్థానికి వెళ్ళాం. అక్కడ గోడ బోర్డుకు ఫోన్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. నేను ఆడవాళ్ళ మధ్య కూర్చుని మాటల్లో పడ్డాను. ఆయన ఒక్కొక్క ఫోన్ వెలిగించి చూసి, ఎనభై దాటినవన్నీ పీకి వరసగా పేర్చాడు. కాసేపటికి పెళ్ళికొడుకు మేనమామ గొంతు వినబడింది.

"నా ఫోను ఎవడు తీసిండు?"

"నేనే తీసిన. తొంభై ఒకటి ఉండె."

"నాకు నూరు కావాలె! బార్డోలీ పోవాలె నేను!"

"బార్డోలీకి నూరెందుకయ్యా? యాభైతోని పోయి రావచ్చు."

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ఆ రోజు భోజనాల దగ్గర అందరూ నాకు కొంచెం ఎక్కువ స్వీటు వడ్డించారు. జాలితో వడ్డించిన స్వీటని నాకు తెలుసు, అయినా తిన్నాను.

ఇంట్లో మరీ ఒళ్ళు మండేది. నోటుపుస్తకాలు దిద్దుకుంటూ ఫోన్ సంగతి మరిచిపోతానా, ఎక్కడినుంచో ఆయన గొంతు. "ఓ టీచరమ్మా, ఎనభై అయింది." నేను తల ఎత్తకుండానే, "కరెంటు మనదే, ఫోను మనదే, నిండితే నీకేం నొప్పి?" అనేదాన్ని. "అన్నం గిట్లనే తింటవా, గొంతుదాంక?" అని వచ్చి తీసేవాడు. అలా రోజూ ఒక చిన్న పోట్లాట. మేము మాట్లాడుకున్న మాటల్లో సగం ఆ పోట్లాటలోవే అయి ఉంటాయని ఇప్పుడు లెక్కేసుకుంటే అనిపిస్తుంది.

తను డ్యూటీలో ఉన్నప్పుడు చెప్పేవాళ్ళెవరని ఆయనకు బెంగ పట్టుకుంది. ఆ బెంగతోనే నన్ను మళ్ళీ సలాబత్‌పురా లాక్కెళ్ళాడు. ఎనభై కాగానే పిలిచే యాప్ ఒకటి ఉంటుందని నా విద్యార్థి ఎక్కించాడు. రకరకాల గంటలు వినిపించాడు. ఆయనకు ఒక్కటీ నచ్చలేదు. "గంట మోగితే ఈమె ఇనదు. బడిల దినమంతా గంటలే గదా," అన్నాడు. "అయితే మీ గొంతే పెడదాం కాకా," అన్నాడు వాడు. ఆయన ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, సందులో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూసేలా, "ఓ టీచరమ్మా! ఎనభై అయింది. ఇగ చాలు, తియ్యి," అన్నాడు. వెనకాల ఒక ఆటో హారన్ పడింది. చివర చిన్న దగ్గు పడింది, నూగు పీల్చిన వాళ్ళకుండే దగ్గు. మళ్ళీ తీద్దామంటే ఒప్పుకోలేదు. "ఉండనియ్. నేను దగ్గకపోతే నేనని ఎట్ల నమ్ముతది?"

ఆ గొంతు నా పరువు తీసింది. స్టాఫ్‌రూంలో అందరూ టీ తాగుతుండగా, "ఓ టీచరమ్మా!" అని మోగేది. "మీ ఆయన ఫోన్‌లో కాపురం పెట్టాడు," అని తోటి టీచర్లు నవ్వేవాళ్ళు. తీసేద్దామని ఎన్నోసార్లు అనుకుని ఎప్పటికప్పుడు బద్ధకించాను. ఆ బద్ధకానికి తర్వాత దండం పెట్టుకున్నాను.

ఒక పొద్దున కార్ఖానాలో ఆయన కుడిచెయ్యి లేవలేదు. మగ్గం ఆపబోతే చెయ్యి మాట వినలేదట. పక్కవాణ్ణి పిలవబోతే నోరూ వినలేదట. నేను వెళ్ళేసరికి ఆసుపత్రిలో పడుకోబెట్టి ఉన్నారు. అక్కడి డాక్టరమ్మ మన తెలుగమ్మాయే, కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చింది. "ఆయనకి అన్నీ అర్థమవుతాయండీ," అని చెప్పింది. "చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, మాటగా బయటికి రావడమే కష్టం. కొందరికి కొంత తిరిగొస్తుంది, కొందరికి రాదు. మీరు మాత్రం మాట్లాడుతూ ఉండండి."

మాట్లాడుతూనే ఉన్నాను. బడి సంగతులు, వీధి సంగతులు, కూరల సంగతులు అన్నీ చెప్పాను. కానీ ఎంతని చెబుతాను? కథ చెప్పేవాళ్ళకు ఊఁ కొట్టేవాళ్ళు ఉండాలి. గోడలకు చెవులుంటాయంటారు. చెవులుండి ఏం లాభం, ఒక్క ఊఁ అనే నోరు కావాలి గానీ. ఆయన్ను ఇంటికి తెచ్చాక, నా బడి వేళల్లో పైఅంతస్తు గుజరాతీ బెన్ మధ్యమధ్య తలుపు తీసి చూసిపోయేది. బడిలో పొద్దస్తమానం అరిచి ఇంటికి వస్తే, తాళం తీసిన చప్పుడే ఆ ఇంట్లో ఆ రోజుకు పెద్ద చప్పుడు. నాకు ఏడుపు కూడా రాలేదు మొదట్లో, ఉత్త భయం వేసేది. ఇక మిగిలిన బతుకంతా నా గొంతు ఒక్కటే వింటూ బతకాలా అని.

నడిపించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి ఎంత బతిమాలినా ఆయన మంచం దిగేవాడు కాదు. నా భుజం పట్టుకుని బాత్‌రూం దాకా, మళ్ళీ మంచం దాకా, అంతే. "ఎడమవైపు బలం బాగానే ఉంది, కాకాకు మనసే లేదు," అని ఆ అమ్మాయి హిందీలో నాతో మొత్తుకునేది.

ఇక ఆ గొంతు సంగతి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఫోన్ చప్పుడు లేకుండా పెట్టుకున్నాను. ఆయన్ను ఇంటికి తెచ్చిన సాయంత్రం మంచానికి రెండడుగుల దూరంలో ఉన్న బోర్డుకు ఫోన్ తగిలించి, చప్పుడు తెరిచి, జావ కాయడానికి వంటింట్లోకి వెళ్ళాను. జావ కుతకుత ఉడుకుతోంది. ఉన్నట్టుండి పక్కగదిలోంచి, "ఓ టీచరమ్మా! ఎనభై అయింది. ఇగ చాలు, తియ్యి."

గరిటె కింద పడింది. ఒక్క క్షణం నమ్మాను. నిజంగా నమ్మాను. పరుగెత్తాను. ఆయన కళ్ళు తెరుచుకుని పడుకుని ఉన్నాడు, ఫోన్ వెలుగుతోంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోన్‌ను గుండెలకు హత్తుకుని, "ఇన్నవా? నీ గొంతే!" అన్నాను. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ప్రయాణపు అలసట అనుకున్నాను.

ఆ రోజునుంచి నాకు అదొక అలవాటైంది. అలవాటు అనడం మర్యాద, నిజానికి వ్యసనం. ఫోన్ తగిలించి నేను ఆ గదిలో ఉండేదాన్ని కాదు. కావాలని వంటింట్లోకి వెళ్ళేదాన్ని. పక్కగదిలోంచి పిలిస్తేనే పూర్వంలా ఉంటుంది, ఎదురుగా ఉంటే ఫోన్ పలికినట్టు ఉంటుంది. ఆ పిలుపు రాగానే, "ఆఁ, వస్తున్న!" అని జవాబిచ్చేదాన్ని, ఒక్కోసారి, "ఏందా తొందర, చేతులు కడుక్కోనియ్యవా?" అని విసుక్కునేదాన్ని కూడా. ఆ అర నిమిషం మా ఇల్లు ఇల్లులా ఉండేది.

రోజుకు ఒకసారి చాలలేదు. పొద్దున బడికి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. పొద్దుటికి ఛార్జింగ్ దిగకపోతే దించేదాన్ని. టార్చి వేసి, తెర వెలుగు పూర్తిగా పెంచి, ఏవో వీడియోలు పెట్టి వదిలేసేదాన్ని. ఫోన్ కాలిపోయేది. వేడి దానికి పడదని తెలుసు. ఆయన కళ్ళముందే ఆయన నేర్పిన మంచి అలవాట్లన్నీ తుంగలో తొక్కుతున్నానని తెలుసు. సిగ్గుగానే ఉండేది, అయినా ఆగలేదు.

కొన్ని నెలలకు ఆ గొంతు రావడం మానేసింది.

సాయంత్రం ఫోన్ తగిలించాను. అన్నం ఉడికింది, పప్పు పోపు అయింది, పిలుపు రాలేదు. వెళ్ళి చూస్తే వైరు ఊడి కిందికి వేలాడుతోంది, ఫోన్‌లో డెబ్బై తొమ్మిది. వదులైందేమో అనుకుని గట్టిగా గుచ్చాను. ఎనభై ఎదురుగానే అయింది, గొంతు పలికింది, కానీ దగ్గర నిలబడి వింటే విన్నట్టే లేదు. మర్నాడు మళ్ళీ అంతే. ఊడిన వైరు, డెబ్బై తొమ్మిది. పళ్ళపుల్లతో నూగు తీశాను. కొత్త వైరు కొన్నాను. కొత్తదీ ఊడింది, ఈసారి డెబ్బై ఎనిమిది. నోటిదాకా వచ్చిన ముద్ద ఎవరో లాక్కుంటున్నట్టు ఉండేది. ఒకరోజు పట్టలేక ఫోన్‌ను మంచం మీదికి విసిరికొట్టి, "నువ్వు కూడా చావు!" అని తిట్టాను. ఆయన ఆ ఫోన్ వంకా నా వంకా చూసి కళ్ళు మూసుకున్నాడు.

నాకు వేరే ఆలోచన రాలేదు. బ్యాటరీ పోతోంది, నేనే పాడుచేశాను, ఫోన్ పోతే ఆ గొంతు పోతుంది. ఆయన మాట ఒకసారి పోయింది, నేను ఏమీ చేయలేకపోయాను. రెండోసారి కూడా పోతే నేను తట్టుకోలేను. ఆ భయం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

శనివారం ఒంటిపూట బడి అవగానే, పైఅంతస్తు బెన్‌ను ఆయన దగ్గర కూర్చోబెట్టి, సలాబత్‌పురా వెళ్ళాను. నా విద్యార్థి ఎప్పటిలాగే లేచి నిలబడ్డాడు. భూతద్దం పెట్టి ఫోన్ కంత చూశాడు. "ఏక్‌దమ్ సాఫ్ ఉంది టీచర్. కాకా నేర్పిచ్చిండా?" అన్నాడు. తన వైరు తగిలించి, ఏవేవో నొక్కి చూసి, "బ్యాటరీ బరాబర్ ఉంది, ఉబ్బలే, ఏం కాలే," అన్నాడు. మేము మాట్లాడుతుండగానే ఎనభై అయింది.

"ఓ టీచరమ్మా! ఎనభై అయింది. ఇగ చాలు, తియ్యి."

షాపులో ఉన్న ఇద్దరు ముగ్గురు తలతిప్పి చూశారు. ఫోన్‌లో పాత హారన్, సందులో ఇప్పటి హారన్లు, తర్వాత ఆ దగ్గు. వాడు ఆ గొంతును రికార్డు చేసిన రోజు తర్వాత మళ్ళీ విన్నది అప్పుడే. ఫోన్ తెరను చొక్కా అంచుతో తుడిచాడు. తర్వాత వైరు తీసి మెల్లగా అన్నాడు.

"మరి ఇంటికాడ ఎందుకు ఊడుతుందో చూద్దాం టీచర్. ఎప్పుడు పెట్టిండ్రు, ఎప్పుడు తీసిండ్రు, అన్నీ ఈ యాప్‌ల రాసుంటయి."

తెరమీద వేలితో కిందికి లాగుతూ పోయాడు. వేలు నెమ్మదైంది. ఆగింది.

"పిన్ను లూజుంటే ఒకపాలి నలభైకి ఊడుతది, ఒకపాలి అరవైకి ఊడుతది. దానికేమన్న అంకెలొస్తయా? చూడుండ్రి. డెబ్బై తొమ్మిది. డెబ్బై తొమ్మిది. డెబ్బై ఎనిమిది. మల్ల డెబ్బై తొమ్మిది. పొద్దున, సాయంత్రం. ఇది మిషన్ పని కాదు టీచర్. ఎవరో చూసుకుంట ఉండి తీస్తున్నరు. ఇంట్ల ఎవరుంటరు?"

"ఎవరుంటరురా? ఆయన, నేను..." అంటూనే నా నోరు ఆగిపోయింది.

వాడు తల దించుకుని, బిగించి ఉన్న స్క్రూనే మళ్ళీ బిగించసాగాడు. వచ్చేముందు ఆ గొంతును ఒక చిన్న మెమరీ కార్డులోకి ఎక్కించి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఇగ ఫోన్ పోయినా ఇది పోదు," అన్నాడు. అంత తేలికైన పని ఇన్నాళ్ళూ నాకు తట్టనేలేదు.

ఆటోలో మొదట వచ్చింది కోపం. బతుకంతా అందరి వైర్లూ పీకాడు, మాట పోయినా ఆ పీకుడు పోలేదు. నాకు మిగిలింది అదొక్కటీ, దాన్నీ తీసేస్తాడా అనుకున్నాను. ఇల్లు దగ్గరపడేకొద్దీ కోపం పక్కకు జరిగి, మంచానికీ బోర్డుకూ మధ్య ఉన్న ఆ రెండడుగులు కళ్ళముందుకొచ్చాయి. ఎవరు బతిమాలినా మంచం దిగని మనిషి ఆ రెండడుగులూ ఎలా వేశాడు?

సాయంత్రం ఎప్పటిలాగే ఫోన్ తగిలించాను. వంటింట్లోకి వెళ్ళి నాలుగు గిన్నెలు చప్పుడు చేసి, వెనక్కి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాను. చాలాసేపు ఆయన కదల్లేదు, దూరం నుంచే తెరను చూస్తున్నాడు. తర్వాత ఎడమచేత్తో మంచం కోడు పట్టుకుని లేచాడు. కుడికాలు నేలమీద ఈడుస్తూ ఒక అడుగు, గోడకు ఆనుకుని ఇంకో అడుగు. నుదుటిమీద చెమట పట్టింది. ఫోన్ మీదికి వంగి నిలబడ్డాడు, వేళ్ళు వైరు మీద పెట్టి. తొందరపడలేదు. కండె మార్చడానికి మగ్గం దగ్గర కాచుకుని నిలబడే మనిషిలాగే నిలబడ్డాడు. డెబ్బై తొమ్మిది కాగానే మెత్తగా లాగేశాడు. తిరిగి మంచం వైపు మళ్ళుతూ నన్ను చూశాడు.

పట్టుబడిన దొంగలా మొహం పెట్టింది నేనే.

"నీకు ఇనబుద్ధి అయితలేదా?" అని అడిగాను.

ఆయన ఎడమచేయి ఎత్తి తన గొంతు మీద పెట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత చెయ్యి దించి, ఒకేఒక్కసారి తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు నాకు కనబడింది. రోజూ రెండుసార్లు ఆ గొంతు పిలిచేది, నేను ఆఁ వస్తున్న అని పరుగెత్తేదాన్ని. మంచం పక్కనుంచే పరుగెత్తేదాన్ని. ఆయన్ను దాటుకుని ఫోన్ దగ్గరికి వెళ్ళేదాన్ని. మాట ఉన్న మొగుణ్ణి చేతిలోకి తీసుకుని మురిసిపోతుంటే, మాట లేని మొగుడు మంచం మీద పడుకుని చూస్తూ ఉండేవాడు. ఆ ఇంట్లో ఒంటరిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నా కంటే ఒంటరివాడు నాకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన పక్కన కూర్చుని బిగ్గరగా ఏడ్చాను. ఇంటికి తెచ్చాక ఆయన ముందు అలా ఏడవడం అదే మొదటిసారి.

ఆయన చూస్తుండగానే యాప్‌లో ఆ గొంతును ఆపేశాను. కార్డు మాత్రం నా బడి సంచిలో సుద్దముక్కల డబ్బాలో ఉంది. దాన్ని చెరిపేసేంత పెద్ద మనసు నాకు లేదు. మళ్ళీ వినలేదు, వినాలని లేదని మాత్రం చెప్పను.

మర్నాడు సాయంత్రం ఫోన్ తగిలించి వంటింట్లోకి వెళ్ళలేదు. బోర్డు పక్కన రెండు కుర్చీలు వేశాను. ఒకదాంట్లో నేను కూర్చున్నాను. ఆయన ఆ రెండడుగులూ వేసి వచ్చి రెండోదాంట్లో కూర్చున్నాడు, నా భుజం పట్టుకోలేదు. ఏ మాటా లేకుండా ఇద్దరం ఆ అంకెను చూస్తూ కూర్చున్నాం. డెబ్బై ఏడు. డెబ్బై ఎనిమిది. డెబ్బై తొమ్మిది. ఆయన చెయ్యి వైరు మీద ఉంది, కానీ లాగలేదు. ఎనభై అయింది. ఫోన్ పిలవలేదు. ఆయన నా వైపు చూశాడు.

"ఓ మాస్టరూ, ఎనభై అయింది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఇగ చాలు, తియ్యి."

తీయలేదు. ఎనభై ఒకటి అయింది.

"ఏందయ్యా, ఇనబడలేదా? ఎనభై ఒకటి అయింది. తియ్యి."

నా మొహంలోకే చూస్తున్నాడు. ఎడమవైపు పెదవి కొస కొంచెం పైకి లేచింది. తొంభై ఒకటికి పెళ్ళివారింట్లో గొడవ పెట్టుకున్న మనిషి, ఎనభై రెండు అయ్యేదాకా వేళ్ళు కదపలేదు. మూడోసారి కూడా నాతో చెప్పించుకుని, అప్పుడు తీశాడు.